రెండు వాకిళ్ళ మంచు

మెరిడెత్, ఓక్లహోమా
1973 డిసెంబర్ 4

చెల్లి ఇమొజీన్‌కి,

మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ వదిన లూ ఎల్లాకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నా కుడి చెవి మాత్రం పూర్తిగా మూసుకుపోయింది. కాబట్టి ఫోన్ చెయ్యకు. పోయినసారి నువ్వు అరగంట మాట్లాడితే నాకు వినపడింది 'మంచు' అన్న ఒక్క మాటే.

సంగతేమిటంటే, శనివారం మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు 41-3 తేడాతో ఓడిపోయింది. సోమవారం మధ్యాహ్నం కోచ్ బ్యూఫర్డ్ సేల్స్‌ని తీసేశారు. ఇవాళ తెల్లారేసరికి ఆయన ఇంటిముందు పచ్చికలో 'ఈ ఇల్లు అమ్మబడును' బోర్డులు ఎనిమిది పాతి ఉన్నాయి. నువ్వున్న రోజుల్లో కోచ్ ఓడిపోతే పాతేవాళ్ళు చూడు, ఆ అలవాటు పోలేదు. ఈసారి వాటిలో ఒకటి నిజం బోర్డేనట. కోచ్ భార్య స్వయంగా పెట్టించిందని లూ ఎల్లా కనుక్కొచ్చింది.

షాపులో క్రాపు చేయించుకోవడానికి ఎవరూ రావడం లేదు, వాదించుకోవడానికే వస్తున్నారు. టెక్సస్‌లో డ్యూక్ ప్రెస్టన్ అని ఒక కోచ్ ఉన్నాడు, తెల్ల బూట్లు వేసుకుంటాడు, ఆడినంతసేపూ బంతి విసిరిస్తాడు. హార్లీ ఆయనే కావాలంటాడు. "బంతి గాల్లో ఉండాలి వెండెల్, జనం సీట్లమీద ఉండకూడదు!" అని నా కుర్చీలో కూర్చుని చేతులూపుతున్నాడు, నా చేతిలో కత్తి ఉందన్న ధ్యాస కూడా లేకుండా. నేనన్నాను: "చేతిలో ఉన్న బంతి మనది, గాల్లో ఉన్న బంతి దేవుడిది. దేవుడు ఏ జట్టో నీకు తెలుసా?" రెండో కుర్చీలో ఆర్విల్ ఉన్నాడు. ఆర్విల్ ఎప్పుడూ ఏమీ అనడు.

ఇక అసలు విషయం. పేపర్లో ఇంకో పేరొచ్చింది. ఆర్విడ్ టోర్‌వాల్డ్, సెయింట్ హల్వార్డ్ కాలేజీ, ఫెర్న్‌లీ, మిన్నెసోటా. ఫెర్న్‌లీ అంటే మీ ఊరే కదా! ఇక్కడ ఆయన్ని ఎవరూ చూడలేదు. నీకు తెలిసింది రాయి. కొత్త కోచ్‌ని ఎంచే కమిటీకి పెద్ద క్లిఫ్టన్ బాగ్స్, కార్లు అమ్మే బాగ్స్, క్రాపుకి నా దగ్గరికే వస్తాడు.

మన మైదానంలో నీ సీటు ఈ ఏడు కూడా కొన్నాను. అందులో నా కోటు కూర్చుంటోంది.

మీ అన్నయ్య,
వెండెల్


ఫెర్న్‌లీ, మిన్నెసోటా
డిసెంబర్ 8

వెండెల్ అన్నయ్యా,

ఉత్తరం అందింది. చెవికి డాక్టర్‌ని చూడమని వదిన చెప్తే వినవు, నేను చెప్తే వినపడదు.

టోర్‌వాల్డ్ గారు నాకు తెలియకపోవడమేమిటి, పక్కిల్లే. మా ఆయన కార్ల్ పోయాక ఇది నాకు నాలుగో చలికాలం. ఆయన భార్య సోల్వేగ్ రోజూ మధ్యాహ్నం నాలుగింటికి ఏదో ఒక రొట్టె పట్టుకుని వస్తుంది, కాఫీ నా వంతు. ఆయన పొద్దున్నే తన వాకిట్లో మంచు ఎత్తిపోసి, ఆ ఊపులోనే నా వాకిలీ శుభ్రం చేసేస్తాడు. నేనడగను, ఆయన చెప్పడు. పార చప్పుడుకే నాకు రోజూ మెలకువ వస్తుంది.

పొరుగువాడిగా బంగారం. కోచ్‌గా మాత్రం మీరు ఆశ పెట్టుకోకండి. ఆయనకి నోరు లేదు. పేపరువాళ్ళు అడిగితే "చూద్దాం" అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క రాదు. బంతి విసరడమంటే గిట్టదు. మోసుకెళ్ళమంటాడు, మూడేసి గజాల చొప్పున, చూసేవాళ్ళకి నిద్రొచ్చేదాకా. పిల్లలు ఆదివారం చర్చికి రాకపోతే శనివారం ఆడనివ్వడు. మీకు ఆ తెల్ల బూట్లాయనే మేలు.

పెకాన్ పప్పులు పంపిస్తానన్నావు, మర్చిపోకు. ఇక్కడ దొరికేవి చెక్కముక్కల్లా ఉంటాయి.

నీ చెల్లెలు,
ఇమొజీన్


మెరిడెత్
డిసెంబర్ 12

ఇమొజీన్,

నీ ఉత్తరం షాపులో పైకి చదివాను. బయట నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చారు.

'ఆయనకి నోరు లేదు' అన్నచోట మా పాస్టర్‌గారు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. సేల్స్ మూడేళ్ళు రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు కదా, మాట్లాడి మాట్లాడి ఓడిపోయాడు. 'చర్చికి రాకపోతే ఆడనివ్వడు' అనేసరికి బాప్టిస్టులంతా ఒక్కటైపోయారు. 'మూడేసి గజాలు' అన్నది మాత్రం నేను రెండుసార్లు చదివాను, నా కోసం.

హార్లీ ఊరుకున్నాడనుకున్నావా? "టోర్‌వాల్డ్! ఆ పేరు పెట్టి జై కొట్టి చూడండి. నాలుక తిరిగేలోపు మ్యాచ్ అయిపోతుంది" అన్నాడు.

"నీకు జై కొట్టే అవసరం ఎప్పుడొచ్చింది హార్లీ? మూడేళ్ళుగా తిట్టడమే కదా" అన్నాను.

అమ్మ గుర్తొచ్చింది. తను చేసిన యాపిల్ పై ఎంత బాగా కుదిరినా "అడుగు మాడింది, ఏమనుకోకండి" అంటూనే పళ్ళెం ముందుకు తోసేది. నువ్వూ అంతే. పక్కింటివాడని గొప్పగా చెప్పుకోవడం బాగుండదని తగ్గించి రాశావు. షాపులో అదే చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు. రేడియోకి ఫోన్ చేసి కూడా చెప్పాను. వాళ్ళేమన్నారో వినపడలేదు. బాగానే చెప్పానని లూ ఎల్లా అంది.

బాగ్స్‌కి సొంత విమానం ఉంది. ఎర్ర చారది. కొత్త కోచ్ ఎవరైనా అందులోనే దిగాలి. అందుకని హార్లీ, నేను, ఆర్విల్ వంతులవారీగా ఎయిర్‌ఫీల్డ్ కంచె పక్కన మడత కుర్చీలు వేసుకుని కాపలా కాస్తున్నాం. నిన్న విమానం లేచింది. ఊరంతా దక్షిణానికా ఉత్తరానికా అని మెడలు రిక్కించి చూశారు. బాగ్స్ కూతుర్ని పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికట.

ఇంకా రాయి. బాగ్స్ అడుగుతున్నాడు.

వెండెల్


ఫెర్న్‌లీ
డిసెంబర్ 16

అన్నయ్యా,

నేను తగ్గించి రాయలేదు. ఉన్నదే రాశాను. ఆ రేడియో జోలికి ఇక పోకు.

సరిగా విను. కొత్త కోచ్‌గా ఎవరొచ్చినా మొదటిరోజు మన జట్టు గుర్తు, ఆ కంచరగాడిద జనరల్‌ని పట్టుకుని మెయిన్ స్ట్రీట్ అంతా నడిపించాలి కదా? జనరల్ ఇంకా బతికే ఉందా, లేక అది ఇంకో కంచరగాడిదా? ఏదైతేనేం, టోర్‌వాల్డ్ గారికి జంతువులంటే భయం. ఓల్సన్‌వాళ్ళ కుక్క మొరిగితే వీధి దాటి అవతల నడుస్తాడు. గాడిద తాడు పట్టుకోమంటే ఆయన మళ్ళీ విమానం ఎక్కేస్తాడు.

ఇంకో మాట. రాయకూడదు గానీ రాస్తున్నాను. ఆయన గుండె అంత బాగాలేదని విన్నాను. ఎవరికీ చెప్పకు.

ఇక్కడ మంచు కిటికీ అంచుదాకా వచ్చింది. సోల్వేగ్ నిన్న ఏలకుల రొట్టె తెచ్చింది. క్రిస్మస్‌కి ముగ్గురం కలిసే భోంచేస్తాం, ఎప్పటిలాగే.

ఇమొజీన్


మెరిడెత్
డిసెంబర్ 20

ఇమొజీన్,

ముందుగా జనరల్ సంగతి. అది పోయింది, దాని స్థానంలో ఇంకోటి ఉంది, పేరు మాత్రం అదే. కోచ్‌కి జంతువులంటే భయమని తెలియగానే షాపులో పెద్ద చర్చ. "కంచరగాడిదని చూసి భయపడేవాడు కంచరగాడిదల జట్టుకి కోచా?" అని హార్లీ. "నిన్ను చూసి గాడిదే భయపడుతుంది, దానికేమంటావ్?" అని పాస్టర్‌గారు. చివరికి గాడిదని ముందు నడిపించి, కోచ్‌ని బాగ్స్ కారులో వెనకాల తీసుకురావాలని తేల్చాం. అంతవరకూ సర్దుకున్నారు చెల్లీ, ఊరంతా సర్దుకుంది.

గుండె విషయం నేనెవరికీ చెప్పలేదు. బాగ్స్‌కి తప్ప. ఇంటిల్లిపాదినీ ఇక్కడిదాకా రప్పించి మనిషికి ఏదన్నా అయితే ఆ పాపం ఎవరిది? బాగ్స్ గడ్డం మీద నురగతో అలాగే లేచి కూర్చున్నాడు. "ఆయనకి ఫోన్ కూడా చేశాను వెండెల్. జనవరిలో విమానం పంపిస్తానన్నాను" అన్నాడు. మరుసటి రోజు కమిటీ ఆ పేరు కొట్టేసింది. జనవరి మూడున డ్యూక్ ప్రెస్టన్ సంతకం పెట్టడానికి వస్తాడు. హార్లీ షాపులో అందరికీ కాఫీ పోయించాడు. నేను తాగలేదు.

నాకు ఇప్పుడు జట్టు దిగులు కాదు, నీ దిగులు పట్టుకుంది. ఆ పెద్దమనిషికి బాగాలేకపోతే నీకు దిక్కెవరు? సోల్వేగ్ ఆయన్నే చూసుకుంటుందా, నీ దగ్గరికి వస్తుందా? లూ ఎల్లా నీకోసం ఉన్ని చేతితొడుగులు అల్లింది. పెకాన్ పప్పులు రెండు సంచులు పంపుతున్నాం, ఒకటి నీకు, ఒకటి టోర్‌వాల్డ్ గారికి. గుండెకి మంచిదని పాస్టర్‌గారన్నారు.

అన్నయ్య


మెరిడెత్
డిసెంబర్ 26

ఇమొజీన్,

ఈ ఉత్తరం షాపులో చదవను, లూ ఎల్లాకి కూడా చూపించను.

మొన్న చివరి క్రాపు ఆర్విల్‌ది. మెడ వెనక కత్తి పెడుతుంటే, అడగని మనిషి ఒక మాట అడిగాడు. "వెండెల్, గుండె జబ్బు మనిషి రెండిళ్ళ మంచు ఎలా ఎత్తుతాడు?"

నాకు వెలగలేదు. "ఏ మంచు?" అన్నాను.

"మీ చెల్లెలు మొదటి ఉత్తరంలో రాసింది. నువ్వే చదివావు" అన్నాడు.

ఇంటికెళ్ళి నీ ఉత్తరాలు వరసగా పెట్టుకుని చదివాను. నాలుగింటి కాఫీ, ఏలకుల రొట్టె, పార చప్పుడు. ప్రతి ఉత్తరంలోనూ అవే ఉన్నాయి. నేను కోచ్ గురించిన వాక్యాలు మాత్రమే చదువుకున్నాను. నా చెవే కాదు, కళ్ళు కూడా పోయాయి.

నాకు అర్థమైంది. కోపం లేదు. ఆర్విల్ ఎవరికీ చెప్పడు, నేనూ చెప్పను. ప్రెస్టన్ రానీ. మనం ఇదివరకూ ఓడిపోయాం, ఇకముందూ ఓడిపోతాం. జట్టుకి కోచ్‌లు వస్తూ పోతూ ఉంటారు. నీకు పక్కిల్లు అదొక్కటే.

హార్లీ తెల్ల బూట్లు కొన్నాడు. అదొక్కటే భరించలేకపోతున్నాను.

వెండెల్


ఫెర్న్‌లీ
డిసెంబర్ 26

అన్నయ్యా,

ఇది షాపులో చదువు. బాగ్స్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, లేవకుండా మెడకి గుడ్డ కట్టి చదువు.

టోర్‌వాల్డ్ గారి గుండెకి ఏమీ లేదు. నేను అబద్ధం రాశాను. 'ఎవరికీ చెప్పకు' అని బార్బర్‌కి రాయడమంటే రేడియోకి రాయడమేనని తెలిసే రాశాను.

క్రిస్మస్ సెలవులిచ్చే ముందు సెయింట్ హల్వార్డ్ వాళ్ళు వచ్చే ఏటినుంచి ఫుట్‌బాల్ ఎత్తేస్తున్నామని ప్రకటించారు. డబ్బు చాలదట. సోల్వేగ్ ఆ రోజు రొట్టె లేకుండా వచ్చింది. "ఓక్లహోమా నుంచి ఎవరో ఫోన్ చేశారు ఇమొజీన్, విమానం పంపిస్తామన్నారు. ఆర్విడ్ కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు. తర్వాత మళ్ళీ ఫోన్ లేదు. ఏం తప్పు మాట్లాడానో అని కూర్చుని ఆలోచిస్తున్నాడు. మాట్లాడిందే రెండు ముక్కలు" అంది. నా చేతిలో కాఫీ కెటిల్ ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నిన్న క్రిస్మస్. పొద్దున్నే పార చప్పుడయింది. కిటికీలోంచి చూశాను. ఎప్పుడూ ముందు తనది ఎత్తుకునేవాడు. నిన్న ముందు నాది ఎత్తాడు. నీ పెకాన్ పప్పులు మొన్ననే వచ్చాయి, రెండు సంచులూ. నిన్న భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన సంచి ఆయనకిచ్చాను. "మీ అన్నయ్యకి నేనెలా తెలుసు?" అని అడిగాడు. నేను కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను.

ఇప్పుడు నిజాలు రాస్తున్నాను. ఆయన పెరిగింది పొలంలో, వాళ్ళ నాన్న కంచరగాడిదలతో దున్నేవాడు. ఓల్సన్‌వాళ్ళ కుక్క మొరిగితే వీధి దాటేది నేను. రెండేళ్ళ కిందట ఒక కుర్రాడి ఇంట్లో గోశాల కాలిపోయింది. ఆ వారం ప్రాక్టీసు మానేసి జట్టు మొత్తాన్ని తీసుకెళ్ళి కొత్త కప్పు వేయించాడు. శనివారం ఓడిపోయారు. పేపరువాళ్ళు ఎందుకు ఓడిపోయారని అడిగితే "అవతలివాళ్ళు బాగా ఆడారు" అన్నాడు, గోశాల మాట ఎత్తలేదు. మూడేసి గజాలు మాత్రం నిజం. నిద్రొస్తుంది. కానీ ఆ గోశాల మ్యాచ్ తర్వాత సొంత మైదానంలో ఓడిపోలేదు.

ఎందుకు అబద్ధం రాశానో షాపువాళ్ళకి చెప్పనక్కర్లేదు. నీకు తెలుసు.

ఇమొజీన్


మెరిడెత్
1974 జనవరి 5

చెల్లీ,

మన ఉత్తరాలు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నోరు మూసుకుంటానని నేను రాస్తున్న రోజే, నోరు తెరవమని నువ్వు రాశావు.

నీది డిసెంబర్ ఆఖరి రోజున అందింది. బాగ్స్‌ని పిలిచి, చెప్పినట్టే గుడ్డ కట్టి చదివాను. గోశాల దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆర్విల్ నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే చదివాడు. ఆర్విల్ గొంతు అలా ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

"ఆ గోశాల మ్యాచ్ ఓడిపోయాడు కదా!" అన్నాడు హార్లీ.

"నీ గోశాల కాలితే ప్రెస్టన్ ఏం చేస్తాడు? బంతి విసురుతాడా?" అన్నాడు ఆర్విల్.

హార్లీ తన బూట్ల వంక చూసుకున్నాడు. బాగ్స్ సగం క్రాపుతో లేచి, ప్రెస్టన్‌ని రావద్దని ఫోన్ చెయ్యడానికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున విమానం లేచింది. ఉత్తరానికి తిరిగింది. కంచె దగ్గర ముగ్గురం టోపీలు తీశాం. హార్లీ కూడా.

నిన్న దిగారు. జనరల్‌ని హ్యాంగర్ వెనక కట్టేశాం, ఆయన భయం సంగతి నువ్వు అబద్ధమని రాసినా ఎందుకైనా మంచిదని. ఆయన మెట్లు దిగి, అందరికీ చేయిచ్చి, "ఎక్కడుంది?" అన్నాడు. ఏదని బాగ్స్ అడిగేలోపే వాసన పట్టినట్టు హ్యాంగర్ వెనక్కి నడిచాడు. దాని పెదవి ఎత్తి పళ్ళు చూసి, "పద్నాలుగేళ్ళు" అన్నాడు. దానికి సరిగ్గా పద్నాలుగే. తాడు విప్పుకుని తనే మెయిన్ స్ట్రీట్ మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. రేడియోవాడు మైకు పెట్టి, వచ్చే ఏడు గెలుస్తామా అని అడిగాడు.

"చూద్దాం" అన్నాడు.

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. నాకు కూడా వినపడింది.

నీకేం చెప్పాలో తెలియడం లేదు ఇమొజీన్. మాకు కోచ్ దొరికాడు. నీ వాకిలి గుర్తొస్తోంది.

వెండెల్


ఫెర్న్‌లీ
జనవరి 20

అన్నయ్యా,

గురువారం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు సోల్వేగ్‌కి అంతా చెప్పేశాను. కాఫీ చల్లారేదాకా కప్పు తిప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత, "గుండె జబ్బా? ఆర్విడ్‌కా? ముందే చెప్పుంటే బీమా చేయించేదాన్ని కదా" అని నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. అది రాయను.

ఆయన పార నా గుమ్మానికి ఆనించి వెళ్ళాడు. నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

శనివారం మంచు పడింది. వదిన అల్లిన తొడుగులు వేసుకుని నా వాకిలి నేనే ఎత్తుకున్నాను. అయ్యాక చూసుకుంటే వాళ్ళ వాకిలి కూడా ఎత్తేశాను. ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఊపులో అలా అయిపోయింది.

నడుము పట్టేసింది. ఇక పడుకుంటాను.

ఇమొజీన్


మెరిడెత్
సెప్టెంబర్ 18

ఇమొజీన్,

శనివారం మొదటి మ్యాచ్. ఓడిపోయాం, 10-7. నిద్ర మాత్రం ఎవరికీ రాలేదు.

నీ సీట్లో సోల్వేగ్‌ని కూర్చోబెట్టాను. నాలుగింటికి సంచిలోంచి కాఫీ ఫ్లాస్కు, రొట్టె తీసింది. మ్యాచ్ ఏ దశలో ఉందో చూడలేదు, టైమే చూసింది. "ఇది ఇమొజీన్ సీటు కదా, నేను కూర్చుంటే తనేమనుకుంటుంది?" అని రెండుసార్లు అడిగింది.

ఆదివారం పొద్దున కోచ్ ఇంటిముందు 'ఈ ఇల్లు అమ్మబడును' బోర్డు ఒకటి పాతి ఉంది. మొదటి మ్యాచ్‌కే! హార్లీ పనే. తెల్ల బూటు అడుగులు తడి పచ్చిక మీద స్పష్టంగా కనిపించాయి. కోచ్ బయటికొచ్చి, బోర్డు పీకి, మట్టి దులిపి, బాగుందన్నట్టు తిప్పి చూశాడట. లోపలికి తీసుకెళ్ళి సోల్వేగ్ చేతికిచ్చాడట. ఆమె దాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి నా షాపుకి తెచ్చింది.

"ఇది మాకు అక్కర్లేదు. ఇమొజీన్‌కి పంపించండి, తనకి పనికొస్తుందేమో" అంది.

పోస్టాఫీసులో ఆ పొట్లం కొలిచి, ఇదేమిటని అడిగారు. చెప్పాను. ఎందుకని అడిగారు. అది నాకు తెలియదన్నాను.

సోల్వేగ్, లూ ఎల్లా, నేను ముగ్గురం మాట్లాడుకుని నిన్ను బలవంతం చెయ్యకూడదని అనుకున్నాం. కనుక చెయ్యడం లేదు. ఆర్విల్ వీధిలో చివరి ఇల్లు ఖాళీగా ఉందని మాత్రం లూ ఎల్లా రాయమంది.

అన్నయ్య


ఫెర్న్‌లీ
సెప్టెంబర్ 25

వెండెల్ అన్నయ్యా,

పొట్లం అందింది. ఒక మూల విరిగింది గానీ అక్షరాలు చెక్కు చెదరలేదు. హార్లీ రాత నేననుకున్నదానికంటే గుండ్రంగా ఉంది.

మూడు రోజులు వంటింట్లో గోడకి ఆనించి పెట్టుకుని చూశాను. ఇవాళ పొద్దున టోర్‌వాల్డ్ గారి పార తీసుకుని నా పచ్చికలో గొయ్యి తవ్వి పాతాను. ఇక్కడ ఎవరికీ మన అలవాటు తెలియదు. ఓల్సన్‌గారు కుక్కతో అటువెళ్తూ ఆగి, "ఏమైంది ఇమొజీన్?" అని అడిగారు. కుక్క మొరిగింది. నేను వీధి దాటలేదు.

నన్నెవరూ తీసెయ్యలేదని షాపులో పైకి చదివి చెప్పు. నేనే రాజీనామా చేశాను.

సోల్వేగ్‌ని నా సీటుకి అలవాటు పడొద్దను. పక్కనే నీ సీటుంది, ఎలాగూ నీకు వినపడదు, నువ్వు వెనక్కి జరుగు. పార తెస్తున్నాను. మీకు అంత మంచు పడదని తెలుసు, అయినా తెస్తున్నాను.

కోచ్‌గారితో నా మాటగా చెప్పు, సీజన్‌కి ఒక్కసారైనా బంతి విసిరించమని. హార్లీ కూడా మనిషే కదా.

వస్తున్నాను.
ఇమొజీన్